‘స్టాక్ లేదు’ అని రాయను

ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారుల ఖాతాలు చూసిపెట్టడం నా వృత్తి. మంగళగిరి చీరలు, ఏటికొప్పాక బొమ్మలు, గుంటూరు కారం, ఆవకాయ, ఇత్తడి కుందులు. సరుకు వాళ్లది, కొట్టు వాళ్లది. ఫొటోలు ఎక్కించడం, వివరాలు రాయడం, ధరలు పెట్టడం, సెటిల్‌మెంట్ డబ్బులు సరిగ్గా పడ్డాయో లేదో చూడడం మా పని. విజయవాడ వన్‌టౌన్‌లో మాకు రెండు గదుల ఆఫీసు ఉంది. ఈ పనులన్నిటిలోకీ నేను ఎక్కువ భయపడేది ధరకే. ఫొటో తప్పయితే సరుకు తిరిగొస్తుంది, వివరం తప్పయితే ఫిర్యాదు వస్తుంది. ధర తప్పయితే మాత్రం తెల్లారేలోపు ఒక ఇంటి ఏడాది లాభం పోతుంది.

ధర తప్పడమంటే సున్నా మర్చిపోవడమేనని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో అలా జరిగేది తక్కువ. ఎక్కువగా తప్పు పుట్టేది ఎక్సెల్ షీటులో. వందల రకాల సరుక్కి ఒకేసారి ధర మార్చాలంటే ఒక్కొక్కటీ తెరిచి మార్చడం కుదరదు. షీటు దించుకుని, అందులో మార్చి, మళ్లీ ఎక్కిస్తాం. ఎవరో ధరల నిలువు వరుసను ఒక్కదాన్నే ఎంచుకుని తక్కువ నుంచి ఎక్కువకు సర్దుతారు. పక్కనున్న సరుకు కోడ్‌లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. చూడ్డానికి షీటు నిండుగానే ఉంటుంది, ఒక్క గడీ ఖాళీ ఉండదు, కంప్యూటరుకి తప్పేమీ కనిపించదు. కానీ అప్పటికే జాకెట్టు ముక్క ధర చీర పక్కకీ, చీర ధర దుప్పటి పక్కకీ చేరిపోయి ఉంటాయి.

తర్వాతది లెక్క. ఆరు ప్రమిదల సెట్టుకి ఒక్క ప్రమిద ధర పడుతుంది, లేదా ఒక్క ప్రమిదకి ఆరింటి ధర పడుతుంది. ఇంకొకటి తగ్గింపు మీద తగ్గింపు. వ్యాపారి తను ఎప్పుడో పెట్టిన కూపన్ సంగతి మర్చిపోతాడు, అమ్మకం జరిగే ఆన్‌లైన్ వేదిక పండగ డీల్ పెడుతుంది, రెండూ కలిసి కొన్నధర కంటే కిందకి లాగేస్తాయి.

ఇక మనిషి చెయ్యే పడకుండా జరిగేవి ఉన్నాయి. పోటీ వాళ్ల ధర చూసి మన ధర దానంతటదే సర్దే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చిన్న వ్యాపారులూ వాడుతున్నారు. 2014 డిసెంబరు 12 సాయంత్రం, ఉత్తర ఐర్లండ్‌లోని ఒక కంపెనీ తయారుచేసిన అలాంటి సాఫ్ట్‌వేర్ గంటసేపు గతి తప్పింది. బ్రిటన్ అమెజాన్‌లో ఎంతోమంది చిన్న అమ్మకందారుల సరుకు ఒక్క పెన్నీకి కనిపించింది. వాళ్లలో క్రిస్మస్ కోసం సరుకు నింపుకున్న కుటుంబాలూ ఉన్నాయి. అందులో కొంత సరుకు అప్పటికే వేదిక గిడ్డంగుల్లో ఉంది కాబట్టి ఆర్డర్ పడగానే పెట్టెలు కదిలాయి, ఆపే వీలు అమ్మకందారుల చేతిలో లేకపోయింది. ధర పైకి పోయిన ఉదాహరణ కూడా ఉంది. 2011లో ఈగల జీవశాస్త్రం మీద రాసిన ఒక పుస్తకానికి ఇద్దరు అమ్మకందారుల సాఫ్ట్‌వేర్లు ఒకదాన్నొకటి చూసుకుంటూ ధర పెంచుకుంటూ పోయాయి. ఒకటి అవతలివాడి ధరకు కాస్త తక్కువగా, రెండోది అవతలివాడి ధరకు 1.27 రెట్లుగా. ఆ పుస్తకం ధర 2 కోట్ల 36 లక్షల డాలర్లు దాటేదాకా ఎవరూ దిద్దలేదు.

ధర తప్పిందని తెలిసిన మొదటి గంటలో చేసే పనిలోనే మా పనితనం తెలుస్తుంది. కొత్తవాళ్లు కంగారుగా ధర దిద్దబోతారు. నేను ముందు స్టాక్ సున్నా చేయిస్తాను. ధర మార్పు అన్నిచోట్లా కనిపించడానికి సమయం పట్టొచ్చు, పాత ధరకే కార్టులో వేసుకున్నవాళ్లూ ఉంటారు. అమ్మకం ఆగాక తీరిగ్గా ధర దిద్దుకోవచ్చు. తర్వాత ఆర్డర్లన్నీ దించి మూడుగా విడదీస్తాను. కొరియర్ చేతికి వెళ్లిపోయినవి ఒక కుప్ప. ఒకటో రెండో కొన్నవి ఇంకో కుప్ప. ఒకే చిరునామాకి పదీ ఇరవై పోయేవి మూడో కుప్ప. ఈ విభజన అయ్యేదాకా వ్యాపారి ఎంత గోల పెట్టినా ఒక్క ఆర్డర్ కూడా రద్దు చేయనివ్వను.

మంగళగిరిలో ఒక చీరల వ్యాపారి ఉన్నారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన కొట్లో సరిగ్గా పైన చెప్పిన షీటు తప్పే జరిగింది. రాత్రి వాళ్లబ్బాయి ధరలు మార్చి ఎక్కించి పడుకున్నాడు. 2,850 రూపాయల నిజాం అంచు చీర 285కి కనిపించింది. అర్ధరాత్రి దాటాక ఆ లింకు ‘లూట్ డీల్’ అంటూ టెలిగ్రామ్ గ్రూపుల్లో పడింది. ఆ గ్రూపులు పనిచేసేదే ధర తప్పిన సరుకు వెతకడానికి. అబ్బాయి పొద్దున్నే లేచి ప్యానెల్ తెరిచేసరికి ఆర్డర్లు పేజీలు పేజీలుగా ఉన్నాయి. కొట్లో పనివాళ్లకి ధర సంగతి తెలియదు. లేబుల్ వచ్చింది కాబట్టి తొలి పికప్‌కి పదకొండు చీరలు కట్టి ఇచ్చేశారు కూడా.

నేను వెళ్లేసరికి అబ్బాయి రద్దు చేసే పేజీ తెరిచి పెట్టుకున్నాడు. అక్కడ కారణం ఎంచుకోవాలి. ‘స్టాక్ లేదు’ అని ఒకటుంది, ‘ధర పొరపాటు’ అని ఒకటుంది, ‘కస్టమరే రద్దు చేయమన్నారు’ అని ఇంకొకటుంది.

“అక్కా, మూడోది కొడితే మన రేటింగ్ దెబ్బతినదు” అన్నాడు.

నిజమే. నేను ఎక్కువగా పనిచేసే ఒక వేదికలో, సరుకు పంపకముందే అమ్మకందారు రద్దు చేసిన ఆర్డర్లు 2.5 శాతం దాటితే ఖాతాకే ముప్పు. కస్టమరే వద్దన్నారని రాస్తే ఆ లెక్కలోకి రాదు. అందుకే ఈ అబద్ధం వ్యాపారంలో బాగా పాకిపోయింది. కొన్నవాళ్లకి ‘మీ కోరిక మేరకు మీ ఆర్డర్ రద్దయింది’ అని సందేశం వెళ్తుంది. వాళ్లు ఏమీ అడగలేదు. తన పేరున ఎవరో అబద్ధం చెప్పారని తెలిసిన మనిషి ఇంకెప్పుడూ ఆ కొట్టు గుమ్మం ఎక్కడు.

‘స్టాక్ లేదు’ అనేది దానికంటే మెత్తగా కనిపిస్తుంది. కానీ సాయంత్రానికి అదే చీర అదే ఫొటోతో 2,850కి మళ్లీ కనిపిస్తుంది కదా! కొన్నవాళ్లు తప్పకుండా తెరిచి చూస్తారు. ధర తప్పడం పొరపాటు. స్టాక్ లేదనడం మాత్రం తెలిసి చేసే పని. ఆ రెండో పనికే జనం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తారు. నా అనుభవంలో గొడవ పెద్దదైన సందర్భాలన్నిటిలోనూ కొన్నవాళ్లకి కోపం తెప్పించింది పోయిన బేరం కాదు, చెప్పిన సాకు.

బాబాయ్‌కి ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు లెక్క వేసుకున్నారు. చీర ఆయనకి పడింది 2,200. కొరియర్‌కి ఇచ్చిన ఒక్కో చీర మీదా కమిషన్, రవాణా కాక సుమారు రెండు వేలు పోతుంది. “పంపినవి పంపినట్టే ఉండనీ అమ్మా, దార్లో ఉన్నవాటిని వెనక్కి పిలవకు” అన్నారు. మిగిలినవి ‘ధర పొరపాటు’ అనే కారణంతోనే రద్దు చేశాం. వేదిక సందేశం పంపే వీలు ఇచ్చినచోట ఇలా రాయించాను:

“నమస్కారం. మీరు నిన్న రాత్రి కొన్న చీర అసలు ధర 2,850 రూపాయలు. మా షీటులో పొరపాటు వల్ల 285గా కనిపించింది. చీర మా దగ్గర ఉంది, కానీ ఆ ధరకు ఇవ్వలేం. ఆర్డర్ మేమే రద్దు చేస్తున్నాం, మీ డబ్బు మీ ఖాతాకే తిరిగొస్తుంది. ఈ ఆదివారం దాకా ఇదే చీర 2,300కి ఉంచుతున్నాం. తప్పు మాది, క్షమించండి.”

ఈ ఉత్తరంలో నేను పట్టుబట్టి ఉంచిన మాట ‘చీర మా దగ్గర ఉంది’ అన్నది. అది తీసేద్దామని అబ్బాయి చాలాసేపు వాదించాడు. ఉందని చెప్పాక ఇవ్వమని అడుగుతారు కదా అని అతని భయం. అడిగారు కూడా. కానీ ఆదివారంలోపు 2,300కి తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకావిడ, అదే ఆకుపచ్చ రంగు అమ్మకోసం కొన్నాననీ, ఆదివారం దాకా ఆ రంగు అయిపోకుండా చూడమనీ రాసింది. ఆ రంగు పక్కన పెట్టించాను. ఒకరిద్దరు ఒక్క నక్షత్రం రేటింగ్ ఇచ్చారు. అది ఇంకా ఖాతాలో ఉంది, ఉండాల్సిందే.

పన్నెండు చీరలు కొన్న ఒకాయన మాత్రం ఫోన్లోనే చట్టం మాట్లాడాడు. ఆర్డర్ కన్ఫర్మ్ అయ్యాక రద్దుచేసే హక్కు మీకు లేదన్నాడు. ఆయన మాట పూర్తిగా తప్పు కాదు, అందుకే ఈ సంగతి వ్యాపారులు తెలుసుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఒక్క పక్షం మాత్రమే పొరపాటు పడితే, ఆ ఒక్క కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరు. 2014లో ఒడిశాలో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి ఒక పెద్ద వేదికలో 190 రూపాయలకు లాప్‌టాప్ ఆర్డర్ చేశాడు. దాని అసలు ధర 23 వేల పైచిలుకు. కొద్ది గంటల్లోనే రద్దు చేశారు. అతను వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాడు. 2021లో రాష్ట్ర కమిషన్ ఆ వేదికే పరిహారం చెల్లించాలని చెప్పింది. ధర తప్పయితే చాలు, ఇష్టం వచ్చినట్టు రద్దు చేసుకోవచ్చనుకునే వ్యాపారులకు నేను ముందుగా చెప్పేది ఈ కేసే.

పన్నెండు చీరల ఆయన లాంటివాళ్లకి చెప్పేది వేరే ఉంది. 2003 జనవరిలో సింగపూర్‌లో ఒక వెబ్‌సైట్‌లో 3,854 డాలర్ల లేజర్ ప్రింటరు 66 డాలర్లకు కనిపించింది. అర్ధరాత్రి ఒకరికొకరు చెప్పుకుని ఆరుగురు మిత్రులు కలిసి 1,606 ప్రింటర్లు ఆర్డర్ చేశారు. అందులో న్యాయవాదులు కూడా ఉన్నారు. అవతలివాడి పొరపాటు తెలిసే కొన్నారని తేల్చి, ఆ ఒప్పందం చెల్లదని హైకోర్టు చెప్పింది. 2005లో అప్పీలులోనూ అదే నిలబడింది. అది మన కోర్టు కాదు, ఇక్కడి కమిషన్లని కట్టిపడేయదు. అయినా ఆ తీర్పులో న్యాయం ఉందని నేను నమ్ముతాను. పండగ రోజుల్లో సగం ధరకు చీర చూసి సంబరపడి ఒకటి కొన్న మనిషి అమాయకంగానే కొన్నట్టు. పదోవంతు ధరకు పన్నెండు కొన్నవాడికి తనేం చేస్తున్నాడో తెలుసు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదనే ఆర్డర్లను కుప్పలుగా విడదీస్తాను. ఆయనతో గట్టిగానే మాట్లాడాను, కానీ అబద్ధం చెప్పలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాడు. ఫిర్యాదు పెట్టుకోవచ్చని చెప్పి, వేదిక ఫిర్యాదుల అధికారి వివరాలు ఎక్కడుంటాయో నేనే చూపించాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలో తేల్చాలి. ఆ ఫిర్యాదు మా దాకా రాలేదు.

ఇంతవరకూ ధర తగ్గిన తప్పుల గురించే చెప్పాను. నాకు ఎక్కువ బాధ కలిగించేవి పెరిగిన తప్పులు.

తగ్గిన తప్పు మర్నాటికల్లా తెలిసిపోతుంది, ఎందుకంటే దాని నష్టం వ్యాపారిది. పెరిగిన తప్పు నెలల తరబడి ఎవరి కంటా పడదు, ఎందుకంటే దాని నష్టం కొన్నవాళ్లది. ఒక పచ్చళ్ల వ్యాపారి ఖాతా మా చేతికి వచ్చిన కొత్తలో పాత ఆర్డర్లు తిరగేస్తుంటే, రెండు సీసాల జత ధర 540 రూపాయలు ఒంటి సీసా మీద పడి ఉంది. ఒంటి సీసా అసలు ధర 280. షీటులో ఎమ్మార్పీ గడిలో కూడా జత ఎమ్మార్పీయే పడింది కాబట్టి వేదిక అడ్డుచెప్పలేదు. సీసా మీది లేబుల్‌లో మాత్రం 300 అనే ఉంది. లేబుల్ చదివిన కొద్దిమంది గొడవ చేసి డబ్బు వెనక్కి తీసుకున్నారు. మిగిలినవాళ్లు పచ్చడి తినేసి ఊరుకున్నారు.

“అడిగినవాళ్లకి ఇచ్చాం కదమ్మా. అడగనివాళ్లని మనమెందుకు లేపడం?” అన్నారాయన.

చెడ్డమనిషి కాదు. ఆయన భార్యా, ఇద్దరు మనుషులూ పొద్దస్తమానం మిరపకాయల ముచికలు తీస్తూ కూర్చుంటారు. పోయిన సంక్రాంతికి నష్టం కూడా వచ్చింది. కానీ అచ్చు వేసిన ఎమ్మార్పీ మించి అమ్మడం 2011 ప్యాకేజీ సరుకుల నిబంధనలకు విరుద్ధం. అది పక్కన పెట్టినా, ధర తగ్గినప్పుడు మన తప్పు మన్నించమని కొన్నవాళ్లని బతిమాలతాం. ధర పెరిగినప్పుడు వాళ్లకి తెలియనివ్వకుండా ఉంచితే ఆ బతిమాలే హక్కు మనకెక్కడిది? ఈ లెక్క తేలేదాకా కొత్త సరుకు ఎక్కించనని చెప్పాను. రెండు రోజులు ఆయన ఫోన్ చేయలేదు. మూడోరోజు మనిషి ఆఫీసుకే వచ్చి, ఎంతమందికి ఇవ్వాలో జాబితా తీయమన్నారు. ఒక్కో ఆర్డర్ మీద 260 రూపాయల పాక్షిక రిఫండ్ పెట్టాం. ఆడిటర్ గారితో జీఎస్టీ లెక్కకి క్రెడిట్ నోట్లు రాయించాం. అందుకున్నవాళ్లలో కొందరు ఆ డబ్బు ఎందుకొచ్చిందో అర్థం కాక ప్రశ్నలు పంపారు. వాటన్నిటికీ ఆయన పేరుతో మేమే జవాబులు రాశాం.

2025 సెప్టెంబరులో ఈ రెండు రకాల తప్పులూ కలిసికట్టుగా వచ్చాయి. 22వ తేదీ నుంచి జీఎస్టీలో 12 శాతం శ్లాబు పోయి, పచ్చళ్లూ చేతిపనుల సరుకూ 5 శాతంలోకి వచ్చాయి. మర్నాడే పెద్ద వేదికల పండగ అమ్మకాలు మొదలు. దేశమంతా ఒకే రాత్రి ధరల షీట్లు ఎక్కిస్తోంది. పన్ను 7 శాతం తగ్గింది కదా అని అమ్మకం ధరలోంచి 7 శాతం తీసేసినవాళ్లు చాలామంది. అది లెక్క కాదు. 250 రూపాయల సరుకు 12 శాతం పన్నుతో 280 అయితే, 5 శాతంతో 262.50 అవుతుంది. 280లో 7 శాతం తీస్తే 260.40 వస్తుంది. సీసా ధర రెండు రూపాయల పది పైసలు తక్కువ పడుతుంది, వెయ్యి సీసాలు అమ్మేవాడికి అది చిన్న మొత్తం కాదు. ఇంకో వ్యాపారి షీటు ఎక్కిందో లేదోనని అనుమానపడి రెండుసార్లు సూత్రం నడిపించాడు. 262.50 కాస్తా 246.09 అయింది. అసలు తగ్గించకుండా ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వం కొన్నవాళ్లకి ఇచ్చింది వీళ్ల దగ్గర ఆగిపోయింది. ఆ వారం మా ఆఫీసులో ఎక్కించే ప్రతి షీటునీ ఒకరు చేస్తే ఇంకొకరు చూడాలని నియమం పెట్టాం, పండగ అయ్యాక కూడా దాన్ని తీసేయలేదు.

వ్యాపారులకు నేను చెప్పే జాగ్రత్తల్లో మొదటిది కనీస ధర గడి నింపమని. కొన్ని వేదికల్లో కనీస ధర, గరిష్ఠ ధర అని రెండు గడులుంటాయి. ధర వాటిని దాటితే సరుకు అమ్మకం దానంతటదే ఆగుతుంది. నూటికి ఎంతమంది నింపుతారో నేను చెప్పలేను గానీ, మా దగ్గరికి కొత్తగా వచ్చే ఖాతాల్లో దాదాపు అన్నిటిలోనూ అవి ఖాళీగానే ఉంటాయి. కొన్న ధర, కమిషన్, రవాణా కలిపితే ఎంతో, అదే కనీస ధర. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. ఎమ్మార్పీ మాత్రం షీటులోంచి కాకుండా సీసా మీదిది చూసి ఎక్కించాలి.

కొనేవాళ్లకి చెప్పేది కూడా ఉంది. నమ్మలేనంత తక్కువ ధర కనిపిస్తే ఒకటి కొనండి, తప్పు లేదు. ఆర్డర్ చేసిన పేజీ, కన్ఫర్మ్ అయిన సందేశం ఫొటో తీసిపెట్టుకోండి. రద్దయితే కారణం ఏమని రాశారో చూడండి. మీరు అడగకుండానే ‘మీ కోరిక మేరకు’ అని ఉంటే మాత్రం, అది పది రూపాయల సరుకైనా ఊరుకోవద్దు. 1915కి చెప్పండి. 5 లక్షల లోపు కొన్నవాటికి జిల్లా కమిషన్‌లో రుసుము కూడా ఉండదు.

వేదికలు చేయగల పని ఒకటుంది, అది వాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేరు. ఆర్డర్ మీరే రద్దు చేయమన్నారా అని కొన్నవాళ్ల ఫోనుకి ఒక ప్రశ్న పంపి, అవునన్న జవాబు వచ్చాకే ఆ కారణాన్ని అంగీకరించాలి. సరుకు చేతికిచ్చేటప్పుడు ఓటీపీ అడిగే ఏర్పాటు వాళ్లకి ఎలాగూ ఉంది. ఈ మాట నేను పనిచేసే వేదికల అమ్మకందారుల సమావేశాల్లో లేచి నిలబడి అడిగాను, రాసి కూడా ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను.